కరోలిన్‌కి ఎఫ్‌ఎంలో ఇంటిస్థలం

ఆన్‌లైన్ అంగట్లో ఈమధ్య ఒక కొత్త జాతి పాత రేడియోలు పుట్టుకొస్తున్నాయి. బేకలైట్ వాల్వు సెట్టు, ఒళ్లంతా తళతళలాడే పాలిష్, డయల్ అద్దం మీద లేత పసుపు అక్షరాల్లో ‘కరోలిన్ 199’. కింద వివరణ: 1955 మోడల్, ఒరిజినల్ డయల్, పైరేట్ స్టేషన్ ముద్రతో, అత్యంత అరుదు.

అరుదే, కాదన్నవాడెవడు? ఇంగ్లండ్ తీరానికి దూరంగా సముద్రంలో లంగరేసిన ఓడలోంచి, అనుమతి లేకుండా పాటలు వేసే పైరేట్ స్టేషన్ రేడియో కరోలిన్ మొదటిసారి పలికింది 1964 మార్చి 28న. తొమ్మిదేళ్ల ముందే దాని పేరు అచ్చేసుకున్న సెట్టు అరుదు కాక మరేమిటి? 1955లో ఆ ఓడ పేరు ఫ్రెడెరీసియా. డెన్మార్క్‌లో జనాన్ని ఇటూ అటూ దాటిస్తూ బుద్ధిగా బతుకుతున్న ఫెర్రీ. స్టేషన్ పెట్టిన ఐరిష్ కుర్రాడు రోనన్ ఓరాహిలీ, కెనెడీ గారమ్మాయి కరోలిన్ ఫొటో చూసి ఆ పేరు ఎంచుకున్నాడని చెబుతారు. ఆ అమ్మాయి పుట్టిందే 1957 నవంబరులో. కాబట్టి ఆ ఫ్యాక్టరీ డయల్ సెక్షన్లో ఒక ఆస్థాన జ్యోతిష్కుడు జీతానికి ఉండి తీరాలి. సంభాషణ ఇలా జరిగి ఉంటుంది.

“స్వామీ, మీడియం వేవ్‌లో బీబీసీవాళ్ల హోమ్, లైట్, థర్డ్ వేశాం. లక్సెంబర్గ్ 208 కూడా వేశాం. ఇంకేమైనా మిగిలాయా?”

“ఒకటుంది నాయనా. రెండేళ్లకి అమెరికాలో ఒక సెనేటర్ గారింట ఆడపిల్ల పుడుతుంది.”

“సంతోషం. ఆ పాపకీ మన గాజుకీ ఏమిటి సంబంధం?”

“తొందరపడకు. ఆయన ప్రెసిడెంటవుతాడు. పిల్ల ఫొటో పత్రికలో పడుతుంది. అది చూసినవాడొకడు ఓడ సంపాదించి అందులో ట్రాన్స్‌మిటర్ పెడతాడు. నువ్వు 199 మీటర్ల దగ్గర కరోలిన్ అని వెయ్యి.”

“పలికేది అక్కడేనా?”

“కాదు. పలికేది 1520 కిలోసైకిల్స్‌లో (రేపటి కిలోహెర్ట్జ్), అంటే 197 మీటర్లు. కరోలిన్‌కీ నైంటీనైన్‌కీ ప్రాస కుదురుతుందని 199 అని చెప్పుకుంటారు.”

“ప్రాస కోసం అబద్ధమా స్వామీ?”

“కవులు చేసే పనే కదా.”

“ఎన్ని సెట్ల మీద వేయమంటారు?”

“ఒక్కదాని మీద చాలు. డెబ్బై ఏళ్ల తర్వాత ఒక మహానుభావుడు మూడింతల ధరకి అమ్ముకుంటాడు. ఆయన నోరు కొట్టకూడదు.”

ఈయనే నయం. ఇంకో మహానుభావుడు కరోలిన్‌కి ఏకంగా ఎఫ్‌ఎంలో ఇంటిస్థలం ఇచ్చేశాడు, 99 దగ్గర. 199కి 99 చుట్టమని ఆయన లెక్క కాబోలు. 199 ఉన్నది మీటర్లలో, 99 ఉన్నది మెగాహెర్ట్జ్‌లో. మూడు లక్షల్ని మీటర్లతో భాగిస్తే కిలోహెర్ట్జ్ వస్తుంది. 99 మెగాహెర్ట్జ్ అంటే తరంగం పొడవు మూడు మీటర్లు, ఓడలో చుక్కాని దగ్గర నించుని కొలవొచ్చు. ఎఫ్‌ఎంలో పలికిన ఓడ అసలు లేకపోలేదు. 1958లో డెన్మార్క్ వైపు రేడియో మెర్కూర్ ఆ పనే చేసింది. ఆ ముక్క తెలిసినవాడైతే మెర్కూర్ అనే అచ్చేసేవాడు, మనం కూడా మోసపోయేవాళ్లం.

ఎగతాళి పక్కన పెడితే, నిజమైన డయళ్లు ఉన్నాయి. డచ్ సెట్ల మీద అక్కడి ఓడ స్టేషన్ ‘వెరోనికా’ కనిపిస్తుంది, 192 మీటర్ల దగ్గర, హిల్వెర్సుమ్ పక్కనే, ప్రభుత్వ స్టేషన్‌తో సమానమైన అక్షరాల్లో. వెరోనికా 1960లో మొదలై, 1972 సెప్టెంబరు 30న 538 మీటర్లకి మకాం మార్చి, 1974 ఆగస్టు 31 సాయంత్రం ఆరింటికి ఆగిపోయింది. హిల్వెర్సుమ్ 3 పుట్టింది 1965లో. కాబట్టి ఒకే గాజు మీద హిల్వెర్సుమ్ 3, వెరోనికా 192 కలిసి కనిపిస్తే ఆ సెట్టు వయసు చెప్పడానికి ఏ పండితుడూ అక్కర్లేదు. ఇంగ్లిష్ సెట్లలో ఈ ముద్ర అరుదు. అందుకే దొంగలంతా అక్కడే చేరారు. అక్కడ పట్టుకోవడం మరీ తేలిక: ఇంకో ఓడ స్టేషన్ రేడియో లండన్ 1967 ఆగస్టు 14 మధ్యాహ్నం మూడింటికి మూతపడింది, బీబీసీ రేడియో 1 మొదలైంది ఆ సెప్టెంబరు 30న. రెండూ ఒకే డయల్ మీద ఉంటే, ఏ కంపెనీ అయినా చచ్చిపోయిన స్టేషన్‌కి కొత్తగా అక్షరాలు పోయించిందని నమ్మాలి.

అక్షరాల సంగతి. అసలు డయల్‌లో పేర్లు గాజు వెనక వైపు, స్క్రీన్ ప్రింట్‌లో ఉంటాయి. ముల్లు ఆ వెనకే నడుస్తుంది. తల పక్కకి జరిపి చూడండి. పేర్లన్నీ ఒకే తలంలో ఉంటే వాటి మధ్య దూరం మారదు. ముందు వైపు అంటించిన ‘కరోలిన్’ ఒక్కటీ పక్కనున్న ‘లైట్’ మీదికి జరిగి, మళ్లీ వెనక్కి పోతుంది. గోరు ఆనిస్తే అంచు తగులుతుంది. తెలివైనవాడు వెనకే వేస్తాడు. అప్పుడు గాజు విప్పించి పదింతల భూతద్దంతో చూడాలి. స్క్రీన్ ప్రింట్ సిరా మందంగా, అంచు తెగినట్టు ఉంటుంది. లేజర్ ప్రింటర్‌దైతే అక్షరం చుట్టూ పొడి చిందినట్టుంటుంది. డెకాల్ (అంటించే పలచటి పొర) అయితే ఏటవాలు వెలుగులో పొర అంచు మెరుస్తుంది. ఒకాయన వెనక వేస్తే అద్దంలోలా తిప్పి వేయాలన్నది మరిచిపోయాడు. కరోలిన్‌ని చదవాలంటే రేడియో వెనక దూరాలి.

సెట్టు పలికే స్థితిలో ఉంటే ఇంకో పరీక్ష. ముందు డయల్ దారం జారలేదని, గ్యాంగ్ (స్టేషన్ మార్చే కండెన్సర్) పూర్తిగా మూసినప్పుడు ముల్లు కొసన ఉన్న గుర్తు దగ్గరే ఆగుతోందని చూసుకోవాలి. లేకపోతే నిజాయితీపరుణ్ణి అనవసరంగా అనుమానిస్తాం. ముల్లుని కరోలిన్ పేరు మీద పెట్టి, పక్కన డిజిటల్ షార్ట్ వేవ్ రేడియో ఒకటి ఉంచండి. పాత సెట్టు లోపలి ఆసిలేటర్ (తరంగం పుట్టించే భాగం) పట్టిన స్టేషన్ కంటే ఐఎఫ్ (సెట్టు లోపల వాడుకునే మధ్య పౌనఃపున్యం) అంత పైన పలుకుతుంది. ఐఎఫ్ 470 కిలోహెర్ట్జ్ అయితే, 1520కి అది కలిపి 1990 దగ్గర రెండో రేడియోలో చడీచప్పుడు లేని క్యారియర్ (ఖాళీ తరంగం) దొరకాలి. పదో ఇరవయ్యో అటూ ఇటూ అయితే ట్రిమ్మర్ (సర్దుబాటు మర) తప్పు. రెండొందలు తేడా ఉంటే అంటించినవాడి తప్పు.

ఇంత గొడవ ఒక పేరు కోసమా అంటారేమో. అవును. అప్పట్లో బ్రిటన్‌లో లైసెన్సు కట్టినవాడు అనుమతి ఉన్న స్టేషన్లే వినాల్సి ఉండేది. ఓడ పాట వినడమే నేరంగా ఉండేది. 1967 ఆగస్టు 15 నుంచి (మనం జెండా ఎగరేస్తున్న రోజే) ఆ ఓడలకి తిండి, నూనె పంపడం, ప్రకటన ఇవ్వడం కూడా నేరమైంది. ఏడువారాలు తిరక్కముందే అదే ప్రభుత్వ రేడియో అవే పాటలు, ఓడల్లో మాట్లాడిన కుర్రాళ్లనే కూర్చోబెట్టి మొదలెట్టింది. మనకిది కొత్త కాదు. 1952లో మంత్రి కేస్కర్ సినిమా పాటని ఆకాశవాణి గడప దాటించారు, జనం ముల్లుని సిలోన్ మీదికి తిప్పారు, 1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చింది. సిలోన్ పైరేట్ కాదు, ఆ దేశపు ప్రభుత్వ రేడియో. అయినా పోస్టాఫీసులో లైసెన్సు కట్టి కొన్న సెట్టు గాజు మీదే ఆ పేరుండేది. మంత్రిగారి అభిరుచి ఏమిటో డయల్ వేసేవాడు అడగలేదు.

అసలు పేరున్న గాజులకి ఏం జరుగుతోందో చూడండి. కొన్నవాడు మొదట చేసే పని గాజు విప్పి అద్దాలు తుడిచే నీలం నీళ్లు కొట్టడం. అరవై ఏళ్లకి ఆ సిరా గాజుని వదిలేసి ఉంటుంది. అమ్మోనియా తగిలిందా, వెరోనికా అంతా గుడ్డకి వచ్చేస్తుంది. తర్వాత “అయ్యో, పోయిందే” అని ఫొటో పెడతాడు. పోలేదు, నువ్వు తుడిచావు. డచ్ ప్రభుత్వానికి తుడవడానికి పద్నాలుగేళ్లు పట్టినదాన్ని నువ్వు అరనిమిషంలో, శుభ్రత పేరుతో తుడిచేశావు. వెనక వైపు తడి తగలకూడదు. మెత్తటి పొడి కుంచె, అదీ అక్షరాలు లేని చోట. ముందు వైపు తడి గుడ్డ, గాజు ఊడదీశాకే. ఏం చేసినా దానికి ముందు 600 డీపీఐలో స్కాన్ తీసి పెట్టుకోవాలి. అక్షరం రాలుతుంటే రాలనీ, ముట్టుకోకు.

ఇంకో రకం ఉన్నారు. ఛాసీ మొత్తం పీకి, ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈఎల్84 వాల్వుల్ని చెత్తబుట్టలో వేసి, లోపల బ్లూటూత్ స్పీకరు పెట్టి, ముల్లుని జిగురుతో కరోలిన్ మీద అతికిస్తారు. దానికి ‘పునరుద్ధరణ’ అని పేరు. కదలని ముల్లు! జనం ఆ ముల్లుని తిప్పినందుకే చట్టాలు రాసుకున్నారు, దాన్ని నువ్వు ఫెవిక్విక్‌తో బిగించావు. అసలు సెట్టు చచ్చిందా అంటే అదీ కాదు. చాలాసార్లు ఈఎల్84 (స్పీకరుని నడిపే వాల్వు) గ్రిడ్ దగ్గరున్న పేపరు కండెన్సర్ లీకవుతుంది, అంతే. దాన్ని మార్చకుండా కరెంటు పెడితే వాల్వు ఎర్రబడి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని వెంటేసుకుని పోతుంది. అందుకే మొదటిసారి 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేస్తారు, అప్పటికే ఆ కండెన్సర్ మార్చేసి. 400 వోల్టుల పాలిఎస్టర్ కండెన్సర్ ధర టీ డబ్బులకి అటూ ఇటూ. పాటలు ఫోన్లోంచే వినాలనుంటే చెక్కపెట్టె ఏ వడ్రంగినడిగినా చేసిస్తాడు, మీకు నచ్చిన పేరు మీద ముల్లు గీసి మరీ.