పెళ్లికి ముందు నెల రోజులు నోటీసు బోర్డు మీద

"రిజిస్టర్ మ్యారేజ్ చేసేసుకుంటే సరిపోతుందిగా" అని తేలిగ్గా అనేస్తాం. సాక్షులు, ఫొటోలు, రెండు సంతకాలు, అంతే అనుకుంటాం. నిజానికి ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులున్నాయి. ఇద్దరూ హిందువులైతే ఇంట్లోనో గుడిలోనో ముందు పెళ్లి జరగాలి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్. పెళ్లి తంతు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో పెళ్లి అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తంతు వద్దనుకునేవాళ్లకూ, మతాలు వేరైనా ఎవరి మతంలో వాళ్లు ఉండిపోదామనుకునే చాలామందికీ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే దిక్కు.

ఈ చట్టం అడిగే అర్హతలతో నాకు పేచీ లేదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి, ఇద్దరూ ఇష్టపడి ఉండాలి, బతికున్న భార్య గానీ భర్త గానీ ఉండకూడదు, నిషిద్ధ వరుస కాకూడదు. పేచీ అంతా వాటిని సరిచూసే పద్ధతితోనే. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. సొంతూరు వేరే జిల్లాలో ఉంటే అక్కడి ఆఫీసుకూ ఒక కాపీ పోతుంది. నోటీసు పుస్తకాన్ని ఎవరైనా పైసా కట్టకుండా తిరగేయవచ్చు. 30 రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. పెడితే విచారణకు మరో 30 రోజుల దాకా పట్టవచ్చు.

ఇంట్లో చెప్పలేక వచ్చిన జంటకు ఆ నెల రోజులు ఎంత టెన్షనో వేరే చెప్పాలా? కులం, మతం కాదని పెళ్లాడిన అబ్బాయిలను 2018లో మిర్యాలగూడలో, 2022లో సరూర్‌నగర్‌లో ఎలా చంపారో మనం చూశాం. ఆ హత్యలు పెళ్లయ్యాక జరిగాయి, నోటీసు వల్ల కాదు. అయినా కులం కోసం, మతం కోసం సొంతవాళ్లే ఎంతకు తెగిస్తారో తెలిసిన నేల ఇది. ఇక్కడ పిల్లల పేర్లూ చిరునామాలూ గోడకు అంటించడం నా దృష్టిలో వాళ్లను పట్టివ్వడమే.

దొంగ పెళ్లిళ్లు ఆపాలిగా అంటారు. మరి హిందూ వివాహ చట్టం కింద కూడా వయసు నిండాలి, బతికున్న భార్య గానీ భర్త గానీ ఉండకూడదు లాంటి షరతులే ఉన్నాయి. అక్కడ ఏ నోటీసూ లేదు. పెద్దలు కుదిర్చిన పెళ్లిని నమ్మినట్టు, తమకు తాము కుదుర్చుకున్న పెళ్లిని చట్టం ఎందుకు నమ్మదు? ఈ నెల రోజులు తప్పించుకోవడానికి కొందరు ఇష్టం లేకున్నా మతం మార్చుకుని పెళ్లాడుతున్నారు. మతం మారక్కర్లేదని చెప్పే చట్టమే వాళ్లను అటు నెడుతోంది.

మేజర్లయిన ఇద్దరి పెళ్లికి కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. జంట రాతపూర్వకంగా కోరితే తప్ప నోటీసు ప్రచురించవద్దని 2021లో అలహాబాద్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల ఆఫీసులు దానికి కట్టుబడి తీరాలని లేదు. పార్లమెంటు చట్టాన్నే మార్చాలి. ఆధార్, వయసు ధ్రువపత్రం, అఫిడవిట్ ఆఫీసరే సరిచూసుకోవచ్చు. అబద్ధం చెబితే శిక్ష వేసే సెక్షన్ ఇప్పటికే ఉంది.

అంతవరకు రాష్ట్రాలు చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఇంటి చిరునామాకు నోటీసులు పంపవద్దని 2009లోనే ఢిల్లీ హైకోర్టు చెప్పింది. నోటీసులను వెబ్‌సైట్‌లో పెట్టడం 2020లో కేరళ ఆపేసింది. ఈ రెండూ మన దగ్గర ఒక్క సర్క్యులర్‌తో అయ్యే పనులు.