లావు ‘అదే కరిగిపోతుంది’ అనే మెసేజీకి జవాబు

ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజీ సారాంశం ఇదీ: ‘పిల్లలు లావుగా ఉంటే కంగారొద్దు. అది వంశపారంపర్యం, మన చేతిలో లేదు. ఎత్తు పెరిగితే అదే కరుగుతుంది. కడుపు నిండా తినిపించండి, ఫోన్ చూపించైనా సరే.’

వంశపారంపర్యం సంగతి చూద్దాం. జన్యువుల పాత్ర ఉంది, కాదనను. ఊబకాయంతో సంబంధం ఉందని 2007లో తేలిన ఎఫ్‌టీఓ జన్యువునే తీసుకోండి. అందులో ఒక రకం ఉన్నవాళ్లకు ఆకలి ఎక్కువ, కడుపు నిండిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. అయితే ఆ ఆకలికి అందేలా బిస్కెట్ల డబ్బా పెట్టేది జన్యువు కాదు. అమ్మానాన్నల నుంచి పిల్లలకు ఒంటితీరు ఒక్కటే రాదు, వంటింటి అలవాట్లూ వస్తాయి.

‘అదే కరుగుతుంది’ అన్నది సగం నిజం. ఏడాది పిల్లల బొద్దుతనం నడక వచ్చాక తగ్గడం మామూలే. ఎత్తుతో పోల్చి చూసే బరువు ఐదారేళ్ల దాకా తగ్గుతూ వచ్చి, మళ్లీ పెరుగుతుంది. మూడు, నాలుగేళ్లకే ఆ పెరుగుదల మొదలైతే ముందుముందు ఊబకాయం ముప్పు ఎక్కువ. పైగా, పదేళ్లలోపు పిల్లల తల్లిదండ్రుల్లో ఊబకాయం ఉంటే పిల్లలకూ పెద్దయ్యాక అది వచ్చే అవకాశం రెట్టింపుకు మించుతుందని 1997లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది.

అసలు చిక్కంతా ‘తినిపించండి’ దగ్గరే ఉంది. గ్లాసుకు ఆనించిన ఫోన్‌లో బొమ్మలు ఆడుతుంటాయి. కళ్లు అక్కడ, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. చాలని తల తిప్పుకుంటే ‘తాతకో ముద్ద, అత్తకో ముద్ద’. కడుపు నిండిందని పసివాడికి తెలిసే ఆ కాస్త గుర్తునీ మనమే చెరిపేస్తున్నాం. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని, ఎంత తినాలన్నది పిల్లల పని. రెండేళ్లలోపు పిల్లలకు విడిగా చక్కెర కలపొద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనే ఉంది. ఏడాదిలోపు స్క్రీన్ అసలొద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దనీ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

అలాగని బక్కపిల్లల సమస్య పోయిందనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు వాళ్లలో అధిక బరువు 3.4 శాతమే, ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 19.3 శాతం. కంటికి ఆనిన లెక్క కాదు, అంగన్‌వాడీలో ఎత్తూ బరువూ రెండూ కొలిపించండి.

తిండి దాచి తాళం వేయడమూ పనిచేయదు, ధ్యాసంతా ఆ బీరువా మీదే ఉంటుంది. కొనకపోవడమే తేలిక. ఈ మాట అమ్మమ్మలకూ తాతయ్యలకూ చేరాలి, చాలా ఇళ్లలో మెసేజీ పంపింది వాళ్లే మరి.