ప్రిన్స్ ఆఫ్ పర్షియా పోస్టుకు చిన్న సవరణ

మొన్నటి పోస్టులో ప్రిన్స్ ఆఫ్ పర్షియా 1990 నాటి కంప్యూటర్ గేమ్ అని రాస్తే, కాదు 1989 అని కొందరు, 2003 అని ఇంకొందరు పట్టుబట్టారు. దాన్ని తయారుచేసిన జోర్డన్ మెక్‌నర్ మొదట యాపిల్ 2 అనే పాత కంప్యూటర్ మీద 1989లో తెచ్చాడు, మన గుంటూరు బ్రాడీపేట కంప్యూటర్ సెంటర్లలో క్లాసు అయ్యాక ఆడుకున్న డాస్ (అప్పటి పీసీల్లో ఉండే సిస్టమ్) వెర్షన్ 1990ది. బాకుతో కాలాన్ని వెనక్కి తిప్పేది 2003లో వచ్చిన శాండ్స్ ఆఫ్ టైమ్, అది వేరే గేమ్, దాన్ని ఇందులో కలపకండి బాబూ.

ఆట ముగించడానికి "గంట టైమ్" అని మొన్న రాసింది కూడా సరిగ్గా చెప్పాలి. చచ్చిపోతే లెవెల్ మొదటికి వస్తుంది కానీ గడియారం మొదటికి రాదు, ఆ 60 నిమిషాలు కరిగిపోతూనే ఉంటాయి, టెన్షనంతా అక్కడే.

గేములో హీరో పరుగు అంత సహజంగా ఎలా ఉందంటే, మెక్‌నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఫ్రేము ఫ్రేముగా బొమ్మ దించుకున్నాడు. అందుకే అంచు పట్టుకుని వేలాడి పైకి ఎక్కేటప్పుడు ఒంటి బరువు మనకు తెలుస్తుంది (ఇప్పటి గేముల్లోనూ ఇది అందరికీ కుదరదు).

ఇక నీడ మనిషి. మెమరీ చాలక, హీరో బొమ్మలనే వాడి పుట్టించిన శత్రువు వాడు. నాలుగో లెవెల్లో అద్దంలోంచి దూకితే బయటికొస్తాడు. పన్నెండో లెవెల్లో మళ్ళీ ఎదురైనప్పుడు వాణ్ణి ఎలా చంపాలని చాలామంది అడిగారు. చంపకూడదు, వాణ్ణి పొడిస్తే దెబ్బ మనకే. కీబోర్డులో కింది బాణం కీ నొక్కి కత్తి ఒరలో పెట్టి, నేరుగా వాడిలోకి నడిచెయ్యండి.