ఈసీజీలో ఏమీ లేదు, అయితే?

"మాట్లాడటానికి కూడా డబ్బు కట్టాలా?" అని మొన్న హిందూపురంలో ఒక పెళ్లి భోజనాల దగ్గర మాకు పెదనాన్న వరసయ్యే ఆయన నవ్వుతూ అడిగారు. ఆపుకోలేని భయానికి సైకాలజిస్టు (మాటలతో, అభ్యాసాలతో మనసుకు చికిత్స చేసేవారు) దగ్గరికి వెళ్లిన మా తమ్ముడు పక్కనే కూర్చుని ఉన్నాడు. తల దించుకుని పప్పన్నం కలుపుతూ ఉండిపోయాడు. పదిమందిలో గొడవ ఎందుకని నేనూ ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండవలసింది. తమ్ముడిని అడిగి, వాడు సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

మేము బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటాం. గత ఏడాది ఒక రాత్రి రెండు గంటలకు వాడు నా గది తలుపు కొట్టాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. చేతివేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోతున్నాయి. "అక్కా, గుండె ఆగిపోయేలా ఉంది" అన్నాడు. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు. డ్యూటీ డాక్టరు కాగితం చూసి "ఏమీ లేదు, గ్యాస్ అయి ఉంటుంది, తీసుకెళ్లండి" అన్నారు. గుండెలో నొప్పి అన్నవారికి ముందు గుండెనే చూడాలి. అది చూశారు, తప్పు పట్టను. ఆ తరువాత అన్న 'ఏమీ లేదు' మీదే నా కోపమంతా. ఏమీ లేకపోతే ఇరవై ఏడేళ్ల మనిషి చావు భయంతో ఎందుకు వణుకుతాడు? ఆ నెలలో మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ అదే మాట.

అమ్మ దిష్టి తీసింది, కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. అమ్మను ఏమీ అనను. తనకు తెలిసిన వైద్యం తను చేసింది. "పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నవాళ్లతోనే నాకు పేచీ. బస్సు ఎక్కడానికే భయపడుతున్నవాడికి ఇంకొక అమ్మాయి జీవితాన్ని ముడిపెట్టమని సలహా ఇస్తారా?

దానికి పానిక్ ఎటాక్ అని పేరుంది. ఎదురుగా పాము పడగ విప్పితే ఒంట్లో ఏమవుతుందో అదే, పాము లేకుండానే అవుతుంది. గుండె దడదడలాడుతుంది. ఊపిరి వేగమవుతుంది. అలా ఆయాసపడటం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అది చూసి మనిషి 'పోతున్నాను' అనుకుంటాడు. ఆ తలపుతోనే దడ రెట్టింపవుతుంది. సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆ పైన దానంతట అదే దిగుతుంది. పక్కన కూర్చుని వాడి చెయ్యి పట్టుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ పది నిమిషాలు చాలా పొడుగు.

చికిత్సకు మొదట వెళ్లిన సైకాలజిస్టు దగ్గర మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. ఉద్యోగమంతా ఇంగ్లీషులో చేసేవాడే, అయినా అక్కడా ఆఫీసులో చెప్పినట్టే చెప్పి వచ్చేవాడు. తరువాత తెలుగు తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు దొరికారు. ఎలా ఉంటుందని ఆమె అడిగితే "గుబులుగా ఉంటుందండీ" అన్నాడట. ఎప్పటి నుంచి అంటే, నాన్న పోయిన రాత్రి నుంచి అన్నాడట. ఆ సాయంత్రం ఛాతీలో మంటగా ఉందని నాన్న అంటే, స్కూటరు మీద ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది వీడే. "ఏమీ లేదు, గ్యాస్" అని మాత్ర ఇచ్చి పంపారు. "ఇంకొకచోట చూపిద్దామా" అని నాన్న అడిగితే, "డాక్టరు ఏమీ లేదన్నారు కదా నాన్నా" అని ఇంటికి తీసుకొచ్చేశాడు. తెల్లవారకముందే నాన్న పోయారు. మూడేళ్లుగా ఈ మాట నాకు కూడా చెప్పలేదు. అలాంటివాడిని 'ఏమీ లేదు' అన్న మాట ఎలా ఊరడిస్తుంది?

ఇక ఆ 'మాట్లాడటం' ఎలా ఉంటుందో చెబుతాను. ఆమె వాడిని మెట్ల మీద కిందికీ పైకీ పరుగెత్తించారు. వాడి నాడి వాడినే పట్టుకుని లెక్కపెట్టమన్నారు. దడ వచ్చింది. నీళ్లు తాగకుండా, ఫోను చూడకుండా, అది దిగేదాకా కూర్చుని చూడమన్నారు. దిగింది. కుర్చీలో గిరగిరా తిప్పించారు. సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్పించారు. ఏ దడకు భయపడుతున్నాడో దాన్నే కావాలని తెప్పించి, అది చంపదని ఒంటికి నేర్పడం ఇది. జేబులో ఎప్పుడూ ఉండే మాత్రల పొట్లాన్ని ఇంట్లో వదిలి వెళ్లమన్నారు. బస్సులో తలుపు పక్క సీటు మానమన్నారు. ఒక సాయంత్రం సిల్కుబోర్డు వెళ్లే 500-డి బస్సులో, వెనక వరసలో, ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక నోటుపుస్తకంలో రాసుకున్నది నాకు చూపించాడు: "బెళ్లందూరు దగ్గర దడ వచ్చింది. దిగిపోలేదు. అగర దాటేసరికి తగ్గింది."

పెదనాన్నా, డబ్బు కట్టింది దీనికి.

అందరికీ ఇదే దారి అనడం లేదు. కుంగుబాటు తీవ్రంగా ఉన్నవారికి మందులు కావాలి. అవి పనిచేయడం మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మన వాళ్లు నాలుగో రోజున మానేసి "గుణం లేదు" అంటారు. మందు రాసేది సైకియాట్రిస్టు. చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో నమోదు ఉండాలి. ఆ నంబరు అడగండి, మొహమాటపడకండి. నాలుగు వీడియోలు పెట్టి 'మనసు నిపుణులం' అని చెప్పుకునేవారికి మన పిల్లలను అప్పగించకండి.

ఇదే బెంగళూరులోని కేంద్ర మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మన దగ్గర లెక్క వేరేగా ఉంటుందని నేనైతే అనుకోను. మనసు బాగాలేదన్న మనిషిని "ఎర్రగడ్డకు పంపాలి" అని ఎగతాళి చేసే ఊళ్లలో ఎవరు నోరు విప్పుతారు? ఇక్కడ నిమ్హాన్స్ పేరునూ అలాగే వాడేవారున్నారు.

డబ్బు సంగతి నిజమే, భారమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని చెప్పింది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, వారానికొక గంట కూర్చుంటే ఇవ్వవు. మాకూ చేతి నుంచే పోయింది. అంత పెట్టలేనివారు 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన మానసిక సహాయ ఫోను సేవ, టెలీ మానస్ అది. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రేపటిదాకా ఆగకండి, ఇప్పుడే చేయండి.

తమ్ముడికి పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. రోజూ బస్సులోనే వెళ్తున్నాడు. నిన్న రాత్రి అమ్మ ఫోను చేసి, ఎప్పటిలా "తిన్నావా" అని అడిగాక, కాసేపు ఆగి "గుబులు ఎలా ఉంది నాన్నా?" అంది. వాడు 'ఏమీ లేదు' అనలేదు. "ఈ రోజు కొంచెం ఉందమ్మా" అని, వంటగదిలో నిలబడే చాలాసేపు మాట్లాడాడు.