నురగ రాలేదని మాల్ట్‌ని తిట్టకండి, ముందు గ్లాస్ చూడండి

మన గెట్ టుగెదర్లలో గరాజ్‌లో సొంతంగా బీర్ చేసుకునే వాళ్ళు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. ఇక్కడ అమెరికాలో 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టాక ఫెడరల్‌గా అడ్డు తొలిగిపోయింది, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదు అంతే (అలబామా, మిసిసిపీ వాళ్ళు మాత్రం పాపం 2013 దాకా ఆగారు).

అందరిదీ ఒకటే గోల, "అన్నా టేస్ట్ అదిరింది గానీ నురగే నిలవట్లేదు" అని. వెంటనే నెక్స్ట్ బ్యాచ్‌లో ఇంకో పౌండ్ గోధుమ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) పడుతుంది, నురగ కోసమని కారాపిల్స్ అనే ఇంకో రకం మాల్ట్ పడుతుంది. నన్నడిగితే చాలాసార్లు బీర్ తప్పు ఏం లేదు, తప్పంతా మన కిచెన్ సింక్‌లో ఉంది.

మాల్ట్‌లో ప్రోటీన్లు, హాప్స్‌లో (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) చేదు కలిసి గ్యాస్ బుడగ చుట్టూ పల్చటి గోడ కడతాయి, అదే నురగ. నూనె తగిలితే ఆ గోడ కూలిపోతుంది. మనమేమో పోపు గిన్నె తోమిన స్పాంజ్‌తోనే గ్లాస్ తోముతాం, లేదా డిష్‌వాషర్‌లో పడేస్తే రిన్స్ ఎయిడ్ (గిన్నెలు మరకల్లేకుండా ఆరడానికి వేసే ద్రవం) పొర అంటుకుంటుంది, ఆపైన మిర్చి బజ్జీ తిన్న మూతితోనే సిప్ చేస్తాం, ఇంకేం నిలుస్తుంది?

డౌటుంటే గ్లాస్ లోపల తడిపి ఉప్పు చల్లండి, ఎక్కడ అంటుకోలేదో అక్కడ జిడ్డున్నట్టే. బీర్ పోశాక లోపలి గోడకి బుడగలు పట్టుకుని వేలాడుతున్నా అదే లెక్క. బేకింగ్ సోడాతో తోమి, వేడినీళ్ళతో బాగా కడిగి, ర్యాక్ మీద బోర్లించి ఆరనివ్వండి, టవల్‌తో మాత్రం తుడవద్దు. శుభ్రమైన గ్లాస్‌లో అయితే ఒక్కో గుక్కకీ ఒక్కో తెల్ల రింగు మిగులుతుంది, చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది.

గ్లాస్ ఓకే అయ్యాక కూడా రాకపోతే అప్పుడు బీర్ సంగతి చూద్దాం. బాటిల్లో గ్యాస్ పట్టడానికి 5 గ్యాలన్లకి 4 నుంచి 5 ఔన్సుల కార్న్ షుగర్ వేసి బాటిల్స్‌ని 70 ఫారెన్‌హీట్ దగ్గర 2 వారాలు కదపకుండా ఉంచాలి, మనవాళ్ళు ఆత్రంకొద్దీ నాలుగో రోజే మూత తీసేస్తారు. పాత పుస్తకాలు చూసి మాల్ట్‌ని వేడినీళ్ళలో నానబెట్టేటప్పుడు 122 ఫారెన్‌హీట్ దగ్గర ప్రోటీన్ రెస్ట్ అని గంటసేపు పెట్టకండి, ఇప్పటి మాల్ట్‌లకి అది అక్కర్లేదు, పైగా నురగకి పనికొచ్చే ప్రోటీన్లే ముక్కలైపోతాయి.

ఇక పోయడం. గ్లాస్ వంచి చుక్క నురగ రాకుండా పోయడం మనకి ఊళ్ళో బార్ల దగ్గర వచ్చిన అలవాటు, నురగంటే కొలత కొట్టేశాడని అనుమానం. సొంత బీర్ సొంత ఇంట్లో తాగుతూ ఎవరి మీదండీ అనుమానం? సగం దాకా వంచి పోయండి, తర్వాత నిలబెట్టి మధ్యలోకి పోయండి, రెండు వేళ్ళ నురగ రావాలి. హాప్స్ వాసన ముక్కుకి తగిలేది దాంతోనే. చెక్ వాళ్ళయితే మగ్గు నిండా దాదాపు నురగే పోసి "మ్లీకో" (అంటే పాలు) అని ఇష్టంగా తాగుతారు.

బజ్జీలు మానేయమంటారా అని మాత్రం అడక్కండి, పక్కన ఒక టిష్యూ పెట్టుకోండి చాలు.