ఊపిరి పీల్చుకోండి, హాజరు తప్పనిసరి

‘ఒత్తిడి నివారణ శిబిరానికి అందరూ విధిగా రావాలి. రానివారు కారణం రాతపూర్వకంగా తెలపాలి.’ ఈ మెయిలు చదవగానే నా మెదడులోని హైపోథాలమస్ తన డ్యూటీ ఎక్కేసింది. నరాల దారిన అడ్రినలిన్, పిట్యూటరీ గ్రంథి దారిన కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు బయల్దేరాయి. గుండె దడదడా కొట్టుకుంది, బీపీ పెరిగింది. సంతకాలు అక్కర్లేకుండా ఇంత వేగంగా ఫైలు కదిలే విభాగం మా ఆఫీసులో ఇంకోటి లేదు.

శిబిరం సెలవు రోజున పెట్టారు. పనిరోజున పెడితే పని పాడవుతుంది కదా!

‘కళ్లు మూసుకోండి, నెమ్మదిగా ఊపిరి వదలండి’ అన్నాడు శిక్షకుడు. ముందు వరసలో మేనేజర్ గారు మునిలా కూర్చున్నారు. ఒక కన్ను మాత్రం ఫోన్ మీదే. గదిలో ఫోన్లన్నీ ఒక్కసారి గుయ్యిమన్నాయి: ‘సెషన్ అవగానే రిపోర్టు పంపేయండి. నో టెన్షన్.’ ‘ఆ శబ్దాన్ని గమనించండి, స్పందించకండి’ అన్నాడు శిక్షకుడు. గమనించాం. స్పందించలేదు. వెంటనే రెండు ప్రశ్నార్థకాలు వచ్చాయి. ‘ఇప్పుడు మీరు నది ఒడ్డున ఉన్నారు’ అన్నాడాయన. ఆ ఒడ్డునే సగంమంది ల్యాప్‌టాప్‌లు తెరిచారు. నెలాఖరు లెక్కలతో రాత్రుళ్లు మేలుకున్న అకౌంట్స్ ఆయన ఒక్కడే కూర్చున్నచోటే గురకపెట్టాడు. శిబిరం ఫలించింది ఆయనొక్కడికే. గ్రూప్ ఫోటో కోసం ఆయన్నీ తట్టి లేపారు.

శిక్షకుడి మీద నాకేం కోపం లేదు. నెమ్మదిగా ఊపిరి వదిలితే గుండె వేగం తగ్గే మాట నిజమే. నడక మంచిదే, నిద్ర ఇంకా మంచిది. ఆ నిద్రకి టైమేదీ? కార్టిసాల్ ఆపద వచ్చినప్పుడు కాసేపు పనికొచ్చే సరుకు. రోజూ అదే ఆపదైతే బీపీ దిగదు, నిద్ర పట్టదు, చెప్పిన మాట గుర్తుండదు, చీటికీ మాటికీ జబ్బు చేస్తుంది.

పెద్ద కుర్చీకే టెన్షన్ ఎక్కువని ఇంకా నమ్మేవాళ్లుంటే వైట్‌హాల్ అధ్యయనం చూడండి. 1967లో బ్రిటన్ ప్రభుత్వోద్యోగులపై మొదలైంది. గుండెజబ్బు చావులు కింది మెట్టు మీదే ఎక్కువని తేలింది. తన పని మీద తనకు అధికారం లేకపోవడం గుండెకు చేటని తర్వాతి విడత చూపింది. వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి. గంటలు తగ్గించాలంటే ఖర్చు. ఊపిరి ఉచితం.

మానేసి వెళ్లిన మనిషి స్థానంలో ఇంకొకర్ని తీసుకోరు. ఇద్దరి పనీ ఒకడి నెత్తిన పడేస్తారు. అర్ధరాత్రి మెసేజ్ పెట్టి పొద్దున్నే జవాబేదీ అంటారు. చివరికి వాడి చేతులు వణికితే, వాడికి బతకడం రాదన్నట్టు పాఠం చెప్పిస్తారా? నలిపింది మీరు, శిక్షణ వాడికా? సిగ్గుండాలి!

చివర్లో ఫారాలిచ్చారు. ఒత్తిడి ఎంత తగ్గిందో రాయాలి, పేరు, ఉద్యోగి నంబరు తప్పనిసరి. అందరికీ పూర్తిగా తగ్గిపోయింది. నేను మాత్రం సూచనల గడిలో ‘అకౌంట్స్‌లో ఖాళీ పోస్టు నింపండి’ అని రాశాను. వచ్చే ఆదివారం అడ్వాన్స్‌డ్ శిబిరమట, జాబితాలో మొదటి పేరు నాదే.