నేనెక్కడ ఉన్నానో నా దేశమే చెప్పాలి

పరాయి దేశాన్ని దారి అడగడం నామోషీ. ఈ సంగతి పెద్ద దేశాలన్నీ గ్రహించాయి. అందుకే ఉన్నది ఒక్క భూమే అయినా, దాని మీద మనం ఎక్కడున్నామో చెప్పడానికి ప్రపంచమంతటికీ పనికొచ్చే ఉపగ్రహ వ్యవస్థలు నాలుగు ఆకాశంలో తిరుగుతున్నాయి: అమెరికా వారి జీపీఎస్, రష్యా వారి గ్లోనాస్, ఐరోపా వారి గెలీలియో, చైనా వారి బైదూ. భారత్, జపాన్ తమ చుట్టుపక్కల మేరకు వేరే ఏర్పాట్లు చేసుకున్నాయి. ఇన్నెందుకని కొందరు అడుగుతున్నారు. ఇవి చాలవని నా నిశ్చితాభిప్రాయం.

జీపీఎస్ చరిత్రే చూడండి. పౌరులకిచ్చే సంకేతాన్ని అమెరికా చాలాకాలం కావాలనే చెడగొట్టి ఇచ్చింది; మనిషిని వంద మీటర్ల దాకా పక్కకు జరిపి చూపించేది. 2000 మే నెలలో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ దయతలచి ఆ కల్తీ ఆపించారు. మీట ఎవరి చేతిలో ఉందో మిగతా దేశాలకు ఆ దయతోనే మరింత బాగా అర్థమైంది.

ఇక ఆత్మగౌరవం గడియారాల దాకా పాకింది. ఈ వ్యవస్థలన్నీ అసలు గడియారాలే. సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడతారు. సెకనులో పది లక్షల వంతు తప్పితే 300 మీటర్లు తప్పినట్టే. ఇంత నిక్కచ్చి వ్యవహారంలో గ్లోనాస్ మాస్కో వేళను పాటిస్తుంది, భూమి తిరుగుడుకు సరిపెట్టడానికి ప్రపంచ సమయానికి అప్పుడప్పుడు చేర్చే లీపు సెకన్లు కలుపుకుంటుంది. జీపీఎస్ కలుపుకోదు కాబట్టి ప్రపంచ ప్రామాణిక సమయం కన్నా 18 సెకన్లు ముందుంటుంది. బైదూ జీపీఎస్‌కు సరిగ్గా 14 సెకన్లు వెనక. భూమి మీద ఇప్పుడు టైమెంతయిందన్న ప్రశ్నకు సార్వభౌమాధికారం అడ్డొచ్చిందన్నమాట. రావలసిందే.

ఈ మహాయజ్ఞానికి ద్రోహం చేస్తున్నది ఒక్కటే: జేబులోని ఫోను. అందులోని చిప్పు దేశభక్తి ఎరగదు. దొరికిన ప్రతి ఉపగ్రహం మాటా వింటుంది, ఆ సెకన్ల తేడాలు చడీచప్పుడు లేకుండా సరిచేసుకుంటుంది, అన్నింటినీ కలిపి ఒకే నీలిచుక్క చూపిస్తుంది. ఎత్తయిన భవనాల సందుల్లో ఆకాశం కాస్తే కనిపించినా దారి దొరుకుతున్నదంటే ఈ కలగాపులగం చలవే. 2019 జులైలో గెలీలియో దాదాపు వారం రోజులు మూగబోయింది. ఫోన్లు తక్కిన ఉపగ్రహాలతో పని కానిచ్చేశాయి, వాడేవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియలేదు. ఐరోపా స్వాతంత్ర్యాన్ని ఆ వారం ఎవరు మోశారో నేను చెప్పను. ఐరోపా సమాఖ్యను వీడిన బ్రిటన్ కూడా సొంత వ్యవస్థ కడతానని బయల్దేరి 2020లో ఆ ప్రయత్నం మానుకుంది. బహుశా అక్కడివారికి ఫోనులోనే దారి కనిపించి ఉంటుంది.

కాబట్టి వెంటనే చట్టం తేవాలి. ఫోను తెరపై ఏ దేశపు చుక్క ఆ దేశానికి వేరుగా ఉండాలి, పౌరుడు తన దేశపు చుక్క మీదే నిలబడాలి. లోయలో పడిపోయినవాడు తానున్న చోటును ఏ వ్యవస్థ ప్రకారం చెబుతున్నాడో ముందుగా ప్రకటించాలి. వెతకడానికి వచ్చిన బృందం వేరే వ్యవస్థ వాడుతుంటే రాయబార కార్యాలయాలు కూర్చుని తేల్చుకుంటాయి. ఈలోగా అతను కదలకుండా ఉంటే చాలు.